ఎడమచేతి సగం

పొగాకులో నడిమి ఈనె లాగేస్తే రెండు సగాలు వస్తాయి. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. కానీ చుట్టకు పై ఆకుగా వాడేటప్పుడు ఒకటి కుడిచేతి వాటం వాళ్లకే లొంగుతుంది, రెండోది ఎడమచేతి వాటం వాళ్లకే. ఆకులోని సన్న ఈనెలు చుట్ట పొడవునా పడుకోవాలి. సగం మారిందా, ఆ ఈనెలు అడ్డం తిరిగి ఉబ్బుతాయి, సగం కాలకముందే చుట్ట విచ్చుకుంటుంది. ఆ వాసనకే తల తిప్పుకునే నాకు ఇదంతా తెలియడానికి కారణం మా నాన్న, మా మామ. నాన్నది కుడిచెయ్యి, మామది ఎడమచెయ్యి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మాది జూలూరుపాడుకు దగ్గర్లో రోడ్డు పక్క ఊరు. మామది చండ్రుగొండ వైపు అడవి అంచున ఇంకో పల్లె. పొద్దు వాలే వేళకు సైకిలెక్కి మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చునేవారు. నాన్న తడిపి పెట్టిన ఆకు తీసి, ఈనె లాగి, ఒక సగం తన తొడ మీద పరుచుకుని, రెండోది ముందుకు చాపేవాడు, ఎదుటి మనిషి మొహం కూడా చూడకుండా. మామ అట్లాగే అందుకునేవాడు. మర్నాటికి కావలసినవి కూడా అక్కడే చుట్టుకుని జేబులో వేసుకుపోయేవాడు. ఒక్క ముక్క వృథా అయ్యేది కాదు. రెండిళ్లకూ కలిపి సంతలో ఒకటే కట్ట కొనేవారు.

చేతులు అంత పొందికగా సాగుతుంటే నోళ్లు మాత్రం ఊరుకునేవి కావు. పై ఆకు అసలు ఎవరిది, ముందు ఎక్కడ పండింది అన్నది వాళ్ల తగువు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నదే. నాన్న పుట్టింది రాజమండ్రికి దిగువన ఒక లంక ఊళ్లో. కుర్రతనంలో ఇటువైపు పొగాకు బ్యారన్లలో, మంట వేడికి ఆకు ఆరబెట్టే పనికి వచ్చి, అమ్మను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆయన పనిచేసిన బ్యారన్లు మూతబడ్డాక కూడా వెనక్కి పోలేదు. కౌలుకు మిర్చి, పత్తి వేసుకుంటూ బతికాడు. అన్ని విషయాల్లోనూ ఈ ఊరివాడే, చుట్ట దగ్గరికొచ్చేసరికి మాత్రం లంకవాడు.

“గోదారి పొంగి తగ్గాక లంకలో కొత్త ఒండ్రు పడుతుంది. ఆ ఒండ్రులో పెరిగిందే పై ఆకు. లాగితే సాగుతుంది. మీ ఎర్రనేలలో ఆకు పెళుసు, చుట్టబోతే చిరుగుతుంది” అనేవాడు.

“ఆ ఒండ్రు ఏడికెల్లి వచ్చింది బావా? మా అడవిలకెల్లి కొట్టుకపోయిందే గదా” అనేవాడు మామ. “మా తాత భద్రాచలం కాడ వెదురు తెప్పలెక్కి మీ రాజమండ్రి దాక పోయేటోడు. రుమాలు కొసకు ఇత్తనం మూటగట్టుకొని పోయిండు. గదే మీరు చల్లుకున్నరు. అంతకుముందు మీ లంకలల్ల ఏమున్నది, ఇసుక.”

“తెప్పలు దిగువకొస్తే పడవలు ఎగువకు రాలేదా? భద్రాచలం వచ్చే జనం పడవల్లో ఏం పట్టుకొచ్చారనుకున్నావ్? మా చుట్టలే.”

ఇక రుజువు కింద బూడిద. ఎవరి చుట్ట మీద బూడిద రాలకుండా ఎక్కువసేపు నిలిస్తే వాళ్ల మాట గెలిచినట్టు. ఇద్దరూ తల నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. దగ్గు వచ్చినవాడు ఓడిపోయేవాడు. “ఎవల బూడిదైనా ఊడ్సేది నేనే” అని అమ్మ లోపలి నుంచి అనేది. మాది క్రైస్తవ కుటుంబం. పొగ మానమని పాస్టరుగారు ఏళ్ల తరబడి ఇద్దరికీ చెబుతూనే ఉన్నారు. ఆదివారం పొద్దున ఇద్దరూ గుప్పెడు సోంపు నమిలి, బుద్ధిమంతుల్లా చర్చికి వచ్చేవారు. నాన్న ప్రార్థన చేసేవాడు, మామ డోలక్ వాయించేవాడు. సోంపు వాసన వస్తే చాలు పాస్టరుగారికి అంతా అర్థమైపోయేది.

ఆ తగువు వినపడుతుంటే ఇంట్లో అంతా బాగున్నట్టే లెక్క మాకు. అది ఎప్పటికైనా నిజం తగువు అవుతుందని నాకు తట్టలేదు. తట్టాల్సింది, ఎందుకంటే భయపడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

అప్పటికి నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. శనివారం సాయంత్రం ఊరికి వచ్చి, ఆదివారం ప్రార్థన అయ్యాక తిరిగి వెళ్లేదాన్ని. అమ్మ దగ్గర నుంచి మిస్డ్ కాల్ వస్తే చాలు, నేను తిరిగి చేసే లోపే ఇంట్లో ఎవరెవరికి ఏమేం అయి ఉండొచ్చో అన్నీ ఊహించేసేదాన్ని. నాన్నకు బీపీ ఉండటం, ఆయన మాత్ర గుర్తొస్తే వేసుకుని లేకపోతే మానేయటం నా ఊహలకు బాగా పనికొచ్చేవి.

రెండు వేల తొమ్మిది చివర్లో ప్రత్యేక రాష్ట్రం గొడవ బాగా రాజుకుంది. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. బస్సు ఎప్పుడు ఆగుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. రాష్ట్రం రావాలని మామకు గట్టిగా ఉండేది, మీటింగులకు కూడా పోయేవాడు. అందులో తప్పేం లేదు. నాన్న కూడా “వస్తే రానీ, అందరూ బాగుంటే అదే చాలు” అనేవాడు. కానీ ఆ రోజుల్లో ఎవరు నోరు తెరిచినా ముందు యాస వినేవారు, మాట తర్వాత వినేవారు. ఎన్నేళ్లు ఇక్కడున్నా నాన్న యాస మారలేదు. అదివరకు అది మాకు నవ్వులాట, ఆయన “ఏంటి” అంటే మేము “ఏంది” అని దిద్దేవాళ్లం. ఆ చలికాలం బస్సులో ఆయన పక్కన కూర్చుని, ఈయన ఎవరితోనూ మాట్లాడకపోతే బాగుండు అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం డ్యూటీలో ఉండగా అమ్మ మిస్డ్ కాల్ ఇచ్చింది. తిరిగి చేస్తే, “మీ నాయిన మాట్లాడ్తలేడు బిడ్డా. అన్నం ముట్టలే” అంది.

“మాత్ర వేసుకున్నాడా? మాట తడబడుతోందా? చెయ్యి పైకెత్తమను” అన్నాను.

“చేతులు మంచిగనే ఉన్నయి. మీ మామ అన్న మాటకు గట్లయిండు.”

నేను అక్కడ లేను. అమ్మ చెప్పిందీ, తర్వాత ఊళ్లో విన్నదీ కలిపి నాకు తెలిసింది ఇది. ఆ రోజు రాస్తారోకో అయిపోయాక వాళ్లిద్దరూ మా అరుగు మీద కాక, రోడ్డు మీది చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నారు. చుట్టూ జనం ఉన్నారు. ఎప్పటిలాగే ఆకు తీశారు, ఎప్పటిలాగే మాట వచ్చింది. నాన్న లంకల గురించి ఎప్పుడూ అనేదే అన్నాడు. పక్క బెంచీ మీద ఎవరో, “ఏంది పెద్దమనిషి, ఆకు గూడ మీదేనా? ఇంకేం మిగిల్చిండ్రు మాకు?” అన్నాడు. అందరూ మామ వైపు చూశారు, ఈయన ఏమంటాడో అని. మామ చుట్ట నోట్లోంచి తీసి, “ఆకు మాది, నేల మాది. నువ్వు నడుమ వచ్చినోనివి బావా” అన్నాడు.

నాన్న అప్పుడే మామకు అందించబోతున్న ఆకు సగాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడట.

నోరు జారింది, రేపు మామే వస్తాడులే అన్నాను అమ్మతో. మామ రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. వచ్చిన ఆదివారం చర్చిలో అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు కూర్చున్నారు. మా చర్చి చిన్నది, రెండు చివరలకూ మధ్య దూరం పెద్దగా ఉండదు. అయినా ఇద్దరి కళ్లూ ఒక్కసారి కూడా కలవలేదు.

నాన్న ఒక్కడే అరుగు మీద కూర్చుని చుట్టుకునేవాడు. ఈనె లాగి, కుడిచేతి సగం తొడ మీద వేసుకునేవాడు. రెండో సగం చేతిలో పట్టుకుని ఒక క్షణం ఆగేవాడు. తర్వాత దాన్ని పక్కన గోనె ముక్కలో పెట్టేవాడు. పారెయ్యొచ్చు కదా అని అమ్మ అంటే “ఉండనీ” అన్నాడు. లోపల గోడవారగా రెండు గోనె మూటలు ఉండేవి, ఒకటి ఆయన వాడుకునేది, ఒకటి ఎవరూ వాడనిది. రెండోది రోజురోజుకూ లావవుతూ వచ్చింది.

డిసెంబరు నడుమ ఒక ఆదివారం, మేము భోజనాలు చేస్తుండగా నాన్న, “క్రిస్మస్ అయ్యాక మా ఊరు వెళ్లిపోతాను. అన్నయ్య కొడుకుతో మాట్లాడాను. వీధి గది ఖాళీగా ఉందట” అన్నాడు.

అమ్మ చారు గిన్నె కింద పెట్టింది. “నేను రాను” అంది.

నాన్న తలెత్తి అమ్మ వైపు చూశాడు.

“అన్నది నా తమ్ముడు, నేను కాదు. గీ ఊళ్లెనే నీకు ఇన్నేండ్లు వండిపెట్టిన. ఆడికొచ్చి నేనేం గావాలె? నన్ను గూడ నడుమ వచ్చిందానివి అంటే ఎవలింటికి పోవాలె?”

నాన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు.  ఇద్దరూ కోపంలో అరిచే మనుషులైతే నాకు ధైర్యంగా ఉండేది. అరవరు. ఒకసారి అన్నారంటే అదే చేస్తారు. ఆ వయసులో ఆయన ఎక్కడో వీధి గదిలో ఒక్కడే మాత్రలు మర్చిపోతూ, ఈమె ఇక్కడ ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని, మధ్యలో నేను ఖమ్మంలో ఫోను పట్టుకుని. నాకు ఆ బొమ్మ కళ్ల ముందు నుంచి పోయేది కాదు. ఇంజెక్షన్ చేస్తుండగా పేషెంటు “సిస్టర్, అయిపోయిందా” అంటే ఉలిక్కిపడేదాన్ని. నిజం చెప్పాలంటే మామ మీద కంటే నాన్న మీదే ఎక్కువ కోపం వచ్చింది నాకు. ఒక్క మాటకు ఇల్లు విడిచిపోతారా అని. ఆ మాట నన్ను ఎవరూ అనలేదు కాబట్టి నాకు అంత తేలిగ్గా కోపం వచ్చింది.

ఆకు సంగతి తేలిపోతే తగువే ఉండదు కదా అని నాకొక పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. సంత రోజున సెలవు పెట్టి వచ్చి, అమ్మతో పాటు జూలూరుపాడు సంతకు వెళ్లాను. వాళ్లిద్దరూ ఎప్పుడూ కొనే పొగాకు దుకాణం దగ్గర ఆగి, ఈ పై ఆకు ఏ ఊరిదని అడిగాను.

“ఖమ్మం గోదాంకెల్లి వస్తదమ్మా. ఆడికి ఏడికెల్లి వస్తదో నాకేం ఎరుక? ఒకపారి తమిళోళ్ల దిక్కు నుంచి అంటరు, ఒకపారి ఇంకేదో అంటరు. మంచిగ కాలితే చాలు గదా” అన్నాడు దుకాణాయన.

ఇన్నేళ్లు లంకల ఒండ్రు, అడవి ఎర్రమట్టి అని ఊపిరి బిగబట్టి కొట్లాడుకున్నది ఆ ఆకు పట్టుకునే. నాకు నవ్వు రావాలి, రాలేదు. ఇది వాళ్లకు చెబితే తగువు తీరదు, ఇద్దరికీ ఉన్నది కూడా పోతుంది అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

కానీ దుకాణాయన అమ్మ వైపు తిరిగి ఇంకో మాట అన్నాడు. “మీ ఇంటాయనా, మీ తమ్ముడూ కలిసి ఒకటే కట్ట తీస్కపోయేటోళ్లు. ఇప్పుడు చెరొక కట్ట తీస్కపోతుండ్రు. చుట్టలు ఎక్కువ తాగుతుండ్రా ఏంది?”

దారిలో అమ్మ నడక ఆపి అంది. “వాడు గూడ సగం పారేస్తుండు బిడ్డా. వానికి పనికొచ్చే సగాలేమో మన ఇంట్ల కుప్పవడి ఉన్నయి. రేపు నువ్వు తీస్కపోయి ఇచ్చిరా. నేను పంపిన్నని చెప్పు. మీ నాయినకు చెప్పకు.”

మర్నాడు నాన్న స్నానానికి వెళ్లగానే అమ్మ గబగబా గోడవార నుంచి గోనె మూట తీసి సంచిలో కుక్కి నా చేతికిచ్చింది. నేను ఆటో ఎక్కి మామ పల్లెకు వెళ్లాను. అత్త పత్తి ఏరడానికి పోయింది. మామ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కింటి కోయ ముసలమ్మ తునికాకులో పొగాకు చుట్టుకుని తాగుతోంది. ఆమెకు పై ఆకు ఎవరిదైనా ఒకటే, అడవిలో ఏది చేతికి వస్తే అదే.

“ఏం బిడ్డా, మంచిగున్నవా?” అన్నాడు మామ, నేల వైపు చూస్తూ. మనిషి చిక్కిపోయాడు. అది చూసి నాకు కొంచెం సంతోషమైంది.

“అమ్మ పంపింది” అని సంచి ఇచ్చాను.

మూట విప్పి పైనున్న సగం తీసి తొడ మీద పరిచాడు. ఎడమ అరచేత్తో నిమిరాడు. తిప్పి చూశాడు, మళ్లీ తిప్పాడు. ఇంకొకటి తీశాడు. ఆయన ముఖం మారిపోవటం నాకు కనిపిస్తోంది, ఎందుకో అర్థం కాలేదు.

“ఇది మీ అమ్మ పంపిందా, మీ నాయిన పంపిండా?”

“అమ్మే మామా.”

“మీ అమ్మ గిట్ల చెయ్యది. నాకు అక్కెరకు రాని సగాలు ఏరి ఏరి పంపిండు బావ. నా చేతికి ఒక్కటి గూడ లొంగది ఇందుల. నీకూ నాకూ ఇగ కలవది అని చెప్పి పంపిండు. సమజైంది నాకు.”

అప్పుడు అర్థమైంది. అమ్మ కంగారులో ఒక మూటకు బదులు ఇంకోటి తీసిచ్చింది. నాన్న వాడుకునే కుడిచేతి సగాలు.  మామా, మూట మారింది, అమ్మకు కుడీ ఎడమా తెలియదు అని చెప్పబోయాను. ఆయన వినలేదు.

“గిసోంటివి పంపుడెందుకు? నా కాడ కుప్పలున్నయి. సూస్తవా?” అని మంచం కింద నుంచి ఒక గోనె మూట లాగి, నా ముందు విప్పాడు. నిండా కుడిచేతి సగాలే. ఒకదాని మీద ఒకటి, ఈనెలన్నీ ఒక దిక్కుగా, సర్ది పెట్టినవి.

పొగాకు ఆ చలిగాలికి రెండు రోజులు వదిలేస్తే పొడి అయిపోతుంది. పట్టుకుంటే చేతిలో గలగలమంటుంది. నేను వంగి ఒక ఆకు కొస పట్టుకున్నాను. అది మెత్తగా వంగింది. గోనె తడిగా ఉంది. మంచం కోడు పక్కనే చెంబులో నీళ్లు, దాని మీద ఒక గుడ్డ పేలిక.

నేను చెంబు వైపు చూడటం మామ చూశాడు. గబగబా మూట కట్టేశాడు.

“ముట్టకు. చెమట చేతులు తగిల్తే బూజు వడ్తది.”

“ఇవి ఎవరి కోసం మామా?”

“ఎవల కోసమైతే నీకెందుకు? పో బిడ్డా, జల్దీ పో, మల్ల ఆటో దొరకది” అన్నాడు. నాన్న ఆకు సంచి నా చేతిలో పెట్టి, ఇంట్లోకి వెళ్లిపోయాడు.

నేను ఇంటికి వచ్చేసరికి నాన్న అరుగు మీద ఉన్నాడు. ఆయన ఆకు మేము ఎత్తుకుపోయాం కాబట్టి ఆయనకు మిగిలింది మామ సగాలే. వాటితోనే ఒక చుట్ట చుట్టుకోవడానికి చూసినట్టున్నాడు. ఈనెలు పైకి తేలి, మధ్యలో విచ్చుకుపోయి, అది ఆయన పక్కన పడి ఉంది. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, దొరికిపోయిన మొహంతో.

దాచడానికి ఏమీ లేదు. జరిగిందంతా చెప్పాను. మూట మారటం, మామ అపార్థం చేసుకోవటం, మంచం కింద మూట.  నేను ఆపాక నాన్న అడిగాడు.

“తడిగా ఉన్నాయా?”

“ఉన్నాయి నాన్నా. గోనె కూడా తడిగానే ఉంది.”

“రోజూ చల్లితేనే అలా ఉంటాయి, ఈ గాలికి” అన్నాడు. అంతే. లేచి, తన మూట తీసుకుని లోపలికి పోయాడు. వెళ్లనులే అంటాడేమో అని నేను సాయంత్రం దాకా ఆయన వెంటే తిరిగాను. అనలేదు. ఆ తర్వాతి వారం నేను వచ్చేసరికి ఆయన బట్టలు సంచిలో సర్ది, మంచం కింద పెట్టి ఉన్నాయి.

క్రిస్మస్ ఆరాధనలో కూడా అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు. పాట మధ్యలో డోలక్ దరువు తప్పింది. మామ దరువు తప్పటం నేను ఎన్నడూ వినలేదు. నాన్న తల ఎత్తి అటు చూసి, వెంటనే దించుకున్నాడు. ఆరాధన అయ్యాక అందరూ చేతులు కలుపుకుంటుంటే నా కళ్లన్నీ ఆ ఇద్దరి మీదే ఉన్నాయి. వరుస ఆ చివరికి వెళ్లకముందే మామ సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నాన్న సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. అమ్మ వంటింట్లోంచి రాలేదు. గిన్నెల చప్పుడు మాత్రం వీధి దాకా వినిపించింది. నేను ఆయన వెనకాల నడిచాను. బీపీ గురించి చెప్పాను, అమ్మ గురించి చెప్పాను, ఏడుస్తూ నా గురించి కూడా చెప్పాను. అన్నిటికీ “ఫోన్ చేస్తుంటానమ్మా” అన్నాడు.

బస్సు ఆగే చోట మామ ఉన్నాడు, ఎవరు చెప్పారో మరి. సైకిలు చెట్టుకు ఆనించి, తను కింద కూర్చుని, ఒళ్లో గోనె మూట పెట్టుకుని. మమ్మల్ని చూసి లేచాడు కానీ దగ్గరికి రాలేదు. మేమే దగ్గరికి వెళ్లాం.

“ఇవి నీవే” అని మూట ముందుకు జరిపాడు. “నా కాడ ఉంటే ఖరాబైతయి. ఆడ నీకు ఆకు దొరుకుతదో లేదో.”

నాన్న మూట విప్పి ఒక సగం తీసి, వేలితో వంచి చూశాడు. “దొరక్కపోవటం ఏంటి? ఆకు పుట్టిందే అక్కడైతే” అన్నాడు.

 ఇది పాత మాటో, కొత్త మాటో నాకు తెలియలేదు. మామకు కూడా తెలిసినట్టు లేదు. రుమాలు కొస వేలికి చుట్టుకుంటూ, “పుట్టింది ఈడ. ఆడ పెరిగిందేమో” అన్నాడు.

బస్సు వచ్చింది. కండక్టరు తలుపు తీసి పట్టుకున్నాడు. మామ నేల వైపు చూస్తూ, “ఆ పొద్దు హోటల్ కాడ…” అన్నాడు.  నాన్న మామ వైపు కాక నా వైపు తిరిగి, “పోనీమనమ్మా బస్సుని” అన్నాడు.

బస్సు పోయాక నాన్న తన సంచి విప్పాడు. బట్టల మీద తడిగుడ్డలో చుట్టి ఉన్న మూట తీసి మామ చేతిలో పెట్టాడు. ఎడమచేతి సగాలు. ఆయన చేతికి ఎన్నటికీ లొంగనివి, లంకలో ఎవరికీ ఇవ్వాల్సిన పని లేనివి, ఆయన ఊరు విడిచిపోతూ వెంట తీసుకుపోతున్నాడు. “ఇంట్లో ఉంటే మీ అక్క నీళ్లు చల్లదు” అన్నాడు. మామ ఆ మూట చంకన పెట్టుకుని, రుమాలుతో మొహం తుడుచుకుని, సైకిలెక్కి పోయాడు.

ఇంటికి వచ్చాక అమ్మ కంచంలో అన్నం పెట్టింది. నాన్న, “ఇవాళ బస్సు పోయింది” అన్నాడు. వెళ్లడం మానుకున్నాను అనలేదు. సంచి మళ్లీ మంచం కింద పెట్టాడు, బట్టలతోనే.

కొన్ని రోజులకు మామ అరుగు మీదికి వచ్చాడు. అందరం ఊపిరి పీల్చుకోవాల్సింది. కానీ నా భయం అప్పుడే ఎక్కువైంది, ఎందుకంటే వాళ్లు తగువు పడటం మానేశారు. నాన్న సగం చాపేవాడు, మామ చూసి, జాగ్రత్తగా అందుకునేవాడు. “మీ లంక ఆకు మంచిదే బావా” అనేవాడు మామ. “మీ నేల కూడా మంచిదే” అనేవాడు నాన్న. కొత్తగా పరిచయమైన ఇద్దరు పెద్దమనుషుల్లా మాట్లాడుకునేవారు. చాయ్ హోటల్ వైపు నాన్న మళ్లీ వెళ్లలేదు.  మంచం కింద సంచి అట్లాగే ఉంది. ఊరికి వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే వంగి మంచం కింద చూసేదాన్ని. ఉంటే, ఈ వారం గడిచింది అనుకునేదాన్ని. నాన్న రెండు మూడుసార్లు నేను అట్లా వంగి ఉండగా చూశాడు.

మిర్చి కోతలు మొదలైన రోజుల్లో ఒక శనివారం వచ్చాను. అరుగు మీద ఎవరూ లేరు. లోపలికి వెళ్లి మంచం కింద చూస్తే సంచి లేదు. “అమ్మా” అని పిలిచాను. పలకలేదు. కూరగాయల బుట్టలు పక్కకు జరిపి చూశాను, అటక మీద చూశాను.  ఫోను తీశాను, ఎవరికి చెయ్యాలో తోచలేదు.

అప్పుడు పెరట్లోంచి అరుపులు వినిపించాయి.

“ఇసుక తప్ప ఏమున్నది మీ లంకలల్ల? తెప్ప మీద మా తాత ఇత్తనం తేకుంటే ఇసుకనే చుట్టుకొని తాగేటోళ్లు మీరు.”

“మీ తాతకి తెప్ప నడపటం వచ్చా అసలు? మా వాళ్లు ఒడ్డుకి లాగకపోతే సముద్రంలో తేలేవాడు.”

పరుగున వెళ్లాను. వంటింటి నీడ దాటి ఎండలో ఇద్దరూ పీటలేసుకుని ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. నాన్న సంచి మధ్యలో ఉంది. అందులో బట్టలు లేవు. తడి గోనె పరిచి, ఒక పక్క కుడిచేతి సగాలు, ఒక పక్క ఎడమచేతి సగాలు నిలువుగా సర్ది ఉన్నాయి. ఇద్దరి చుట్టల మీదా బూడిద వేలెడంత నిలిచి ఉంది. పక్కన అమ్మ చీపురు పట్టుకుని, ఎవరిది ముందు రాలుతుందా అని చూస్తోంది.

నేను గడప మీద కూలబడ్డాను.

“ఏంటమ్మా, ఏమైంది?” అన్నాడు నాన్న, బూడిద రాలకుండా పెదవుల కొసతో.

“ఏమీ లేదు నాన్నా. మీరు కానివ్వండి” అన్నాను.